పూటకాపు

నార్కట్‌పల్లిలో ఆటో దిగేసరికి పొద్దున 4:30 కూడా కాలేదు. అక్కడి నుంచి నల్లగొండ దాదాపు 20 కిలోమీటర్లు. మా నాయనమ్మ ప్రతి గుడ్ ఫ్రైడేకి ఈ తోవలో ఒక్కపొద్దుండి నడిచే పోయేదట. మా బాప్టిస్టుల్లో తీర్థయాత్ర అనే మాటే లేదు, ఫలానా చోటికి నడిస్తే పుణ్యమని ఏ పాస్టరూ చెప్పడు. అందుకని మాది యాత్ర అనాలో, నాయనమ్మ మీది బెంగ అనాలో నాకే తెలియదు. నాయన, నేను, 11 ఏళ్ల నా బిడ్డ బయల్దేరాం. డెబ్బై దాటిన నాయన మోకాళ్ల గురించే నా టెన్షన్. ఆయనేమో చేతికర్ర కూడా ఇంట్లోనే పెట్టి వచ్చాడు.

చెరువుగట్టు గుట్ట మీద రామలింగేశ్వరస్వామి గుడి లైట్లు కనబడుతున్నాయి. అటు చూస్తూ నా బిడ్డ అడిగింది: "తాతా, మీ అమ్మ అంతకుముందు ఎవరికి మొక్కేది?"

"ఎల్లమ్మకు బిడ్డా. ఏటేటా యాటను కోసేటోళ్లం."

కాబట్టి నాయనమ్మకు బలి అంటే ఏమిటో ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది. బైబిల్లో లేవీయకాండం 16లో రెండు మేకల సంగతి ఉంటుంది. ఒకదాన్ని వధిస్తారు, రెండోదాని తల మీద యాజకుడు చేతులు పెట్టి జనం పాపాలన్నీ ఒప్పుకుని అడవిలోకి వదిలేస్తాడు. ఆ అధ్యాయం చదివితే మాలాంటి చదువుకున్నవాళ్లం ఇబ్బందిగా కదులుతాం, ఆమెకు అది తెలిసిన సంగతే. ఆమెకు వింతగా తోచింది వేరే ఉంది. ఇక్కడ మనం యాటను తోలుకుపోవడం లేదు, దేవుడే తన గొర్రెపిల్లను, అంటే యేసును, తెచ్చాడు. అదీ ఏటేటా కాదు, ఒక్కసారే. "మనం ఇచ్చేదేం లేదంట" అని చచ్చేదాకా ఆశ్చర్యపోతూనే ఉండేదట.

కానీ నా బిడ్డ బడి పిల్ల. "దేవుడు ఊరికే మాఫ్ చేస్తే అయిపోతది కదా? యేసయ్య ఎందుకు చచ్చిపోవాలె?"

నేను రోమీయులకు రాసిన పత్రిక ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కుంటుంటే నాయన అందుకున్నాడు. "పోయినేడు మన 2 లక్షల రుణం మాఫ్ అయింది కదా. బ్యాంకోడు పైసలు వదిలిపెట్టిండా? సర్కారు కట్టింది. మాఫీ అంటే బాకీ గాలిల కలవదు, ఇంకొకలు మోస్తరు."

ఆ మాట మీద చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. మోయడమంటే నాయనకు తెలుసు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు ఆయన ఒక దోస్తు అప్పుకు జమానతు ఉన్నాడు. పత్తి పోయింది, దోస్తు రాత్రికి రాత్రి భీవండి పోయాడు. నాయన ఎడ్లను అమ్మాడు, తర్వాత ఎకరం చెలక అమ్మాడు. ఎడ్లు పోయిన రోజు నేను అన్నం తినలేదు. ఆ దోస్తు మీద కన్నా నాయన మీదే నాకు కోపం. హెబ్రీ పత్రిక 7:22లో యేసు "మరి శ్రేష్ఠమైన నిబంధనకు పూటకాపాయెను" అని ఉంది. పూటకాపు అంటే జమానతుదారు. ఎన్నోసార్లు చదివిన వాక్యమే, ఆ పొద్దున రోడ్డు మీద గుర్తొస్తే మాత్రం నాకు ముందు కనబడింది ఖాళీ కొట్టం.

బాకీ కట్టేశానని నాయన భీవండికి కబురు పంపాడు. అయినా ఆ దోస్తు తిరిగొచ్చాక రెండేళ్లు మా గల్లీలో అడుగు పెట్టలేదు. కట్టేశారంటే నమ్మలేకపోయాడు.

ఇదంతా లెక్క పుస్తకం కథగా మారిపోవడం నాకు పూర్తిగా నచ్చదు. తప్పిపోయిన కుమారుడి ఉపమానంలో, ఆస్తంతా తగలేసి తిరిగొచ్చిన కొడుకును తండ్రి బాకీ అడగడు, పరుగెత్తుకొచ్చి మెడ మీద పడి ముద్దు పెట్టుకుంటాడు. అదే అంటే నాయన నవ్వాడు. "ఆ పిల్లగాడు తిన్న ఆస్తి ఎవలది మరి?"

పానగల్లు దిక్కున ఎండ ముదిరింది. నా బిడ్డ సీసాలో నీళ్లు అయిపోతే ఒక టీకొట్టాయన అడగకుండానే నింపి ఇచ్చాడు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయినవాళ్లను చూస్తూ పెరిగిన జిల్లా మాది. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో "నేను దప్పిగొనుచున్నాను" అనే అయిదో మాటకు ఇక్కడి చర్చిల్లో ముసలివాళ్లు తలెత్తి చూస్తారు.

నల్లగొండ చేరేసరికి పదిన్నర. రష్యా నుంచి వచ్చిన అబ్రహాం ఫ్రీజెన్ అనే మెన్నొనైట్ శాఖ మిషనరీ 1890లో ఈ ఊళ్లోనే దిగి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పని మొదలుపెట్టాడు. నాయనమ్మ చేతికి వాక్యం ఆ దారిలోనే వచ్చింది.

12 నుంచి 3 దాకా ఏడు మాటల ఆరాధన. ఫ్యాన్లు వేడిగాలినే తిప్పుతున్నాయి. ఆరో మాట "సమాప్తమైనది" దగ్గరికి వచ్చేసరికి నాయన చెప్పులు విప్పి పాదాలు నేలకు ఆనించుకున్నాడు. రెండు మడమలూ పొక్కిపోయి ఉన్నాయి. దారంతా ఒక్క మాట అనలేదు.

తిరుగు ప్రయాణం బస్సులోనే. కిటికీ పక్కన కూర్చున్న నా బిడ్డ తాత చెయ్యి పట్టుకుని అడిగింది: "తాతా, అప్పుడు మొత్తం ఎంత కట్టినవ్?"

"అయిపోయినదాన్ని ఎందుకడుగుతవ్ బిడ్డా" అని నాయన కళ్లు మూసుకున్నాడు. చెరువుగట్టు దాటకముందే గురక పెట్టాడు.