ఎరుపు పక్కన ఎరుపు

మా నాన్న టైలర్. వరంగల్ దగ్గర ఒక ఊళ్లో, బస్టాండు ఎదురుగా చిన్న షాపు. బడి నుంచి వచ్చాక కాజాలు కుట్టడం నా పని.

ఊళ్లో అందరూ పటేల్ అని పిలిచే ఆసామి ఒకాయన ఉండేవాడు. బోలెడంత భూమి, రైసు మిల్లు. ఒకే ఖద్దరు చొక్కా తెచ్చి అతుకు మీద అతుకు వేయించుకునేవాడు. అదీ చేతికుట్టే. ఒక్కో వైపు పదకొండు కుట్లు పడాలి. పక్కనే నిలబడి లెక్కపెట్టేవాడు, ఒకటి ఎక్కువైతే మొత్తం విప్పించేవాడు. నాన్న మారు మాట్లాడకుండా విప్పేవాడు. "పటేల్‌కు కొంచెం చాదస్తం" అనేవాళ్లు అంతా, అదీ గొంతు తగ్గించి.

షాపు ముందు పడ్డ గుడ్డ పీలికలు ఏరుకోవడానికి ఒకామె వచ్చేది. వాటిని ముడివేసి మణికట్టు నుంచి మోచేతి దాకా చుట్టుకునేది. ఎరుపు పక్కన ఎరుపు రాకూడదు. వచ్చిందా, అన్నీ విప్పి మళ్లీ మొదలు. ఆమెను మాత్రం మొహం మీదే "పిచ్చిది" అనేవాళ్లు. పిల్లలు రాళ్లేసేవాళ్లు. నేనూ ఒకసారి వేశాను. నుదుటికి తగిలింది. ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు, చేతిలోంచి జారిన పీలిక కోసం వెతుక్కుంది.

ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ గురించి మనం ఎంత మురిపెంగా చెప్పుకుంటాం! 1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కిన ధనవంతుడు, 184 క్యారెట్ల పైచిలుకు జాకబ్ వజ్రాన్ని కాగితాల మీద బరువుగా పెట్టుకున్నాడని, మాసిన పాత టోపీ వదల్లేదని. అదే టోపీ బస్టాండులో పడుకునే మనిషి నెత్తిన కనిపిస్తే "ఎర్రగడ్డ పిచ్చాసుపత్రికి పంపండి" అనేస్తాం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడో సెక్షన్‌లో ఒక మాట ఉంది. మనిషి ఆర్థిక, సామాజిక స్థితిని బట్టి మానసిక జబ్బు ఉందని తేల్చకూడదు. అది చదివిన రోజు ఆ పీలికల చేతులే కళ్లముందు మెదిలాయి. పటేల్ కూడా గుర్తొచ్చాడు. చివరి రోజుల్లో ఆయన తలుపు గొళ్లెం వేశానా లేదా అని రాత్రంతా చూసుకుంటూ ఉండేవాడట. ఆయన్ని డాక్టర్‌కు చూపిద్దామనే ధైర్యం ఇంట్లో ఎవరికీ లేదు. ఆమెను చూపించాలన్న ఆలోచన ఊళ్లో ఎవరికీ రాలేదు. ఇద్దరికీ వైద్యం అందలేదు, రాళ్లు మాత్రం ఒక్కరికే తగిలాయి.

నేను రాయి వేసిన రాత్రి నాన్న నన్ను కొట్టలేదు. మర్నాడు ఖాళీ బిస్కెట్ డబ్బాలు రెండు నా ముందు పెట్టి, ఎర్ర పీలికలు ఒకదాంట్లో, మిగతావి ఇంకోదాంట్లో వేయమన్నాడు. ఆమె వచ్చే వేళకు రెండూ మెట్టు మీద పెట్టాం.