టన్నుకు కాదు, వేడికి ధర కట్టాలి

ఒక కిలో చెక్క ముక్కలను పళ్ళెంలో పోసి, 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఓవెన్‌లో ఒక పగలూ ఒక రాత్రీ ఉంచి, బయటికి తీసి మళ్ళీ తూచాను. 520 గ్రాములు తూగింది. తక్కిన 480 గ్రాములూ నీరే. ఆ ఉదయం ట్రాక్టరు బాయిలర్ గది ముందు దించి వెళ్ళిన లోడులో దాదాపు సగం బరువుకు మేము నీళ్ళను కొన్నామన్నమాట. ఆ కుప్పలోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి చూస్తే లోపల వెచ్చగా, తడిగా, కుళ్ళిన ఆకుల వాసనతో ఉంది. బాయిలర్‌లో పుట్టవలసిన వేడి కుప్పలోనే సూక్ష్మజీవుల పాలవుతున్నదని ఆ చేతికి తెలిసిపోయింది.

దగ్గరలోని తోటల నుంచీ పొలాల నుంచీ వచ్చే కలపను చిన్న ముక్కలుగా కొట్టి, వాటితో ఒక బడినీ కొన్ని ఇళ్ళనూ వెచ్చగా ఉంచే చిన్న హీటింగ్ ప్లాంటు నిర్వహణలో నేను కొన్నాళ్ళు పాలు పంచుకున్నాను. బయోమాస్ (కట్టె, గడ్డి, ఊక లాంటి మొక్కల ఇంధనం) గురించి మాట్లాడేవాళ్ళందరూ అనే మాటే మేమూ అనుకుంటూ మొదలుపెట్టాము: చమురు కొంటే డబ్బు ఊరు దాటిపోతుంది, కట్టె కొంటే ఊళ్ళోనే తిరుగుతుంది. ఈ మాటలో అబద్ధం లేదు గానీ, అది సగమే నిజం. ఆ డబ్బు ఎవరి చేతికి వెళ్తుంది, ఎంతకాలం వెళ్తుంది అన్నది కట్టె ఎక్కడ పెరిగిందన్న దానికన్నా దానిని దేనితో కొలిచి డబ్బు ఇస్తున్నామన్న దాని మీదే ఎక్కువగా ఆధారపడి ఉంటుందని మాకు ఒక చలికాలం గడిచాక గానీ అర్థం కాలేదు.

లెక్క చూడండి. పూర్తిగా ఆరిన కలపలో కిలోకు సుమారు 18.5 మెగాజౌళ్ళ శక్తి ఉంటుంది. జాతిని బట్టి కొద్దిగా అటూ ఇటూ అవుతుందే తప్ప, చాలామంది అనుకునేంత తేడా ఉండదు. అప్పుడే కొట్టిన చెట్టులో బరువులో సగం నీరు. ఆ నీటిని ఆవిరి చేయడానికి కిలోకు దాదాపు 2.4 మెగాజౌళ్ళు ఖర్చవుతాయి కనుక, 50 శాతం తేమ ఉన్న టన్ను పచ్చి కలప నుంచి మనకు దక్కేది సుమారు 2,230 యూనిట్ల వేడి. ఇక్కడ యూనిట్ అంటే మన కరెంటు మీటరులోని యూనిట్టే, ఒక కిలోవాట్-అవర్, అంటే 3.6 మెగాజౌళ్ళు. ఇప్పుడు అదే కలపను రైతు ఒక వేసవి అంతా గాలి తగిలే చోట పేర్చి, పైన కప్పు వేసి, తేమను 30 శాతానికి తెచ్చాడనుకుందాం. టన్ను బరువు 714 కిలోలకు తగ్గుతుంది; దానిలోంచి వచ్చే వేడి మాత్రం సుమారు 2,420 యూనిట్లకు పెరుగుతుంది. టన్ను లెక్కన డబ్బు ఇచ్చే ఒప్పందంలో, శ్రమపడి కట్టెను ఆరబెట్టిన రైతు దాదాపు 29 శాతం ఆదాయం పోగొట్టుకుని మనకు 9 శాతం ఎక్కువ వేడి ఇస్తున్నాడు. వాన వెలిసిన మర్నాడే ముక్కలు కొట్టించి తెచ్చినవాడు లాభపడుతున్నాడు. మా ఒప్పందం సరిగ్గా ఇలాంటిదే. రాసిచ్చిన సలహాదారు బొగ్గు కొనుగోలు కాగితాన్నే తిరగరాసి ఇచ్చాడని నాకు ఇప్పటికీ అనుమానం. రైతులు మోసం చేశారని మా కమిటీలో కొందరు కోపగించుకున్నారు గానీ, వాళ్ళు చేసినదల్లా మేము దేనికి డబ్బు ఇస్తామన్నామో దానినే తెచ్చి ఇవ్వడం.

తేమ అనే మాటలోనే ఒక చిక్కు ఉంది. అటవీ, ఇంధన రంగాల వాళ్ళు మొత్తం బరువులో నీరు ఎంత అని చెబుతారు; వడ్రంగులూ కలప వ్యాపారులూ ఎండిన చెక్క బరువుతో పోల్చి చెబుతారు. ఒకరు 50 శాతం అన్నదే మరొకరికి 100 శాతం అవుతుంది. ఇద్దరూ నిజమే చెబుతూ అరగంట సేపు వాదించుకోవడం నేను కళ్ళారా చూశాను.

ఈ ఇంధనం స్థానికంగానే ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు జవాబు ఆదర్శాలలో కాదు, ఘనపరిమాణంలో ఉంది. ఏడాదికి లక్ష యూనిట్ల వేడి కావలసిన బడి భవనాన్ని తీసుకుంటే, బాయిలర్ సామర్థ్యం 85 శాతం అనుకున్నా, 30 శాతం తేమ ఉన్న చెక్క ముక్కలు సుమారు 35 టన్నులు కావాలి. ఘనమీటరుకు 250 కిలోల లెక్కన అది 140 ఘనమీటర్లు. అదే వేడికి చమురు సుమారు 12 ఘనమీటర్లు చాలు. అంటే పన్నెండు రెట్ల లారీలు, పన్నెండు రెట్ల గిడ్డంగి. దూరం పెరిగేకొద్దీ కట్టె విలువను రవాణా తినేస్తుంది కనుక, దగ్గరలో ఉన్నవాడికి సహజంగానే ఒక రక్షణ దొరుకుతుంది. పొట్టును నొక్కి పెల్లెట్లుగా చేస్తే తేమ 10 శాతం లోపుకు వస్తుంది, ఘనమీటరుకు 600 కిలోలకు పైగా పడుతుంది, 2 కిలోలు ఒక లీటరు చమురుకు సరితూగుతాయి. వాడకానికి ఎంతో సుఖం. కాని ఆ సుఖమే స్థానికతను చెరిపేస్తుంది. ఇంగ్లండులోని డ్రాక్స్ విద్యుత్ కేంద్రం అట్లాంటిక్ అవతలి నుంచి పెల్లెట్లను ఓడల్లో తెప్పించుకుంటున్నది. పైగా ఆ వేడిలో సగానికి మించి కరెంటుగా మారకుండానే పోతుంది. పేరుకు రెండూ బయోమాసే అయినా, ఊరి బడిని వెచ్చబెట్టే చిన్న బాయిలర్‌కూ దానికీ పోలిక లేదు.

వేడిని కొలిచి డబ్బు ఇచ్చే పద్ధతి నా బుర్రలో పుట్టినది కాదు. ఫిన్లాండులో 1990ల తొలినాళ్ళ నుంచీ రైతులు ఒంటరిగానో, కొందరు కలిసి సహకార సంఘంగానో ఏర్పడి, స్థానిక సంస్థల భవనాలను వెచ్చగా ఉంచే బాధ్యతను తీసుకుంటున్నారు. వాళ్ళు కట్టె అమ్మరు, వేడి అమ్ముతారు. బాయిలర్ నుంచి భవనానికి వెళ్ళే గొట్టానికి ఉన్న హీట్ మీటరు ఎన్ని మెగావాట్-అవర్లు (ఒక్కొక్కటి వెయ్యి యూనిట్లు) చూపిస్తే అన్నింటికే డబ్బు. దీనితో తడి కట్టె నష్టం, మసి పట్టిన గొట్టాల నష్టం, బాయిలర్‌ను సరిగా చూసుకోకపోతే వచ్చే నష్టం అన్నీ అమ్మేవాడివే అవుతాయి. అలాగే ఆరబెట్టడం వల్లా, శుభ్రం చేయడం వల్లా వచ్చే లాభమూ అతడిదే. చెట్టు కొట్టే కూలి, ట్రాక్టరు అద్దె, ముక్కలు కొట్టే యంత్రం బాడుగ, తెల్లవారుజామున లేచి బూడిద తీసే మనిషి జీతం, ఇవన్నీ ఒకే చోట ఉండిపోతాయి. ఊరి ఆర్థిక వ్యవస్థ అన్న పెద్ద మాటకు నాకు కనిపించిన రూపం ఇదే.

స్వీడన్‌లోని వెక్షో పట్టణం 1980లోనే తన హీటింగ్ ప్లాంటులో చమురు స్థానంలో చెక్కను కాల్చడం మొదలుపెట్టి, 1996లో శిలాజ ఇంధనాలను పూర్తిగా వదిలించుకోవాలని తీర్మానించింది. చుట్టూ అడవులుండడం ఒక్కటే దానికి కారణం కాదు. 1991లో ఆ దేశం కార్బన్ పన్ను విధించడంతో చమురు ఖరీదైపోయింది, చెక్కకు ఆ పన్ను లేదు. జర్మనీలోని యూండె అనే చిన్న గ్రామంలో 2005 నాటికి సహకార సంఘం ఒకటి ఊరి ఇళ్ళలో ఎక్కువ భాగానికి బయోగ్యాస్ ప్లాంటు వేడినీ, చలికాలంలో చెక్క ముక్కల బాయిలర్ వేడినీ గొట్టాల ద్వారా అందించింది. ఇక అందరూ ఉదహరించే ఆస్ట్రియా పట్టణం గ్యూసింగ్. దాని కథలో ఎవరూ చివరి దాకా చెప్పని భాగం ఉంది: 2000ల తొలినాళ్ళలో ప్రపంచమంతా వచ్చి చూసిన అక్కడి కలప గ్యాసిఫికేషన్ ప్లాంటు (కలపను మండే వాయువుగా మార్చి వాడేది) తర్వాత ఆర్థికంగా నిలబడలేక మూతపడింది. కరెంటుకు ఇచ్చే ప్రత్యేక ధర మీద ఆధారపడిన సంక్లిష్ట యంత్రాల కన్నా, నీళ్ళు కాచి గొట్టాల్లో పంపే మామూలు బాయిలరే నాకు నమ్మకమైనదిగా కనిపిస్తుంది.

ఆ మామూలు బాయిలర్‌ను కూడా అందరూ కావలసిన దానికన్నా పెద్దదిగానే కొంటారు. ఏడాదిలో అతి చల్లని నాలుగు రోజులను చూసి కొన్న బాయిలర్ తక్కిన రోజుల్లో ఆగుతూ, రగులుతూ, పొగ కక్కుతూ నడుస్తుంది. గరిష్ఠ అవసరంలో సగం నుంచి అరవై శాతం దాకా సరిపోయే బాయిలర్ పెట్టుకుంటే, ఏడాది మొత్తానికి కావలసిన వేడిలో 80 శాతానికి పైగా అదే ఇస్తుంది. మిగిలిన దానికి పాత చమురు బాయిలర్‌ను ఉంచుకోవచ్చు. నీటి ట్యాంకు ఒకటి పెద్దదిగా పెడితే బాయిలర్ నిలకడగా మండుతుంది. అంతకన్నా ముందు ఇళ్ళ పైకప్పుల నుంచి వేడి పోకుండా చూసుకోవాలి. ఈ సలహాతో అమ్ముకోవడానికి ఎవరికీ ఏమీ మిగలదు కాబోలు, మాకు ఎవరూ ఇవ్వలేదు.

గడ్డీ ఊకా కూడా కాల్చవచ్చు కదా అని చాలామంది అడుగుతారు. కాల్చవచ్చు, డెన్మార్క్‌లో గడ్డి మోపులతో నడిచే హీటింగ్ ప్లాంట్లు దశాబ్దాలుగా ఉన్నాయి. కాని గడ్డిలోని పొటాషియం వల్ల బూడిద తక్కువ వేడికే కరిగి ముద్ద కడుతుంది, క్లోరిన్ ఇనుమును తింటుంది. వరి ఊకలో బరువులో అయిదో వంతు దాకా బూడిదే, అందులో ఎక్కువ సిలికా. చెక్క కోసం చేసిన బాయిలర్‌లో వీటిని వేస్తే పాడయ్యేది బాయిలరే. చెక్క బూడిదకు ఆ బాధ లేదు. అడుగు బూడిదను పొలానికి వేయవచ్చు, పొగగొట్టం దగ్గర పట్టిన సన్నని బూడిదలో కాడ్మియం చేరుతుంది కనుక దానిని మాత్రం వేరుగా పెట్టాలి.

పొగ విషయంలో మొహమాటం పనికిరాదు. తడి కట్టె, గాలి చాలని మంట, ఈ రెండూ కలిస్తే పుట్టే సన్నని ధూళి ఊపిరితిత్తుల లోతుకు పోతుంది. ఇంటింటికీ పాత పొయ్యి ఉండడం కన్నా, గాలి సరిగా అందే ఒక బాయిలరూ దానికి ధూళిని పట్టే పరికరమూ ఉండడం ఎంతో మేలు. గుట్టలో నిల్వ చేసిన చెక్క ముక్కలు తమంతట తామే వేడెక్కి అంటుకోగలవు; మూసి ఉన్న పెల్లెట్ల గదిలో కార్బన్ మోనాక్సైడ్ పేరుకుని మనుషులు ప్రాణాలు కోల్పోయిన సంఘటనలున్నాయి. అడవి విషయానికి వస్తే, కొమ్మలు, సామిల్లు పొట్టు, పలచన చేసినప్పుడు తీసిన సన్న మాన్లు ఒక ఎత్తు. బాయిలర్ కోసమే నరికిన మాను ఇంకో ఎత్తు. అది మళ్ళీ అంత కార్బన్‌ను పీల్చుకోవడానికి దశాబ్దాలు పడుతుంది. బల్ల చేయదగిన దుంగను కాల్చడం నా లెక్కలో తప్పే.

మా ఒప్పందాన్ని మార్చడానికి ఒక ఏడాది పట్టింది. మాకు కట్టె తెచ్చేవాళ్ళు పదిమందికి పైగా ఉన్నారు కనుక ఒక్క హీట్ మీటరుతో ఎవరి వేడి ఎంతో తేల్చలేము. అందుకని ప్రతి లోడు నుంచీ అయిదు చోట్ల చెయ్యి పెట్టి ముక్కలు తీసి, కలిపి, ఓవెన్‌లో ఆరబెట్టి, బరువునూ తేమనూ కలిపి వేడి లెక్క కట్టాము. 40 శాతం దాటిన లోడును తిప్పి పంపాము. వెంటనే ఒక అభ్యంతరం వచ్చింది, అది న్యాయమైనది: ఈ ఏడు కొట్టిన కట్టె ఆరడానికి ఒక వేసవి పడుతుంది, అప్పటిదాకా కూలివాళ్ళకు డబ్బు ఎవరివ్వాలి? ట్రాక్టరు వాయిదాలు ఉన్న చిన్న రైతుకు ఆ ఆరునెలలు నడవడమే కష్టం, పెద్ద తోట ఉన్నవాడికి లెక్కే కాదు. పాత పద్ధతి చెడ్డదైనా అది చిన్నవాడికి వెంటనే డబ్బు ఇచ్చేది. చివరికి, కట్టె పేర్చి కప్పు వేసిన రోజున అంచనా ధరలో సగం, లోడు దించి నమూనా తూచిన రోజున మిగతా సగం ఇచ్చేటట్టు కుదిరింది. ఆ బయానా కోసం మా సంఘం చమురు కొనడానికి దాచిన నిధినే వాడాము. మరుసటి చలికాలం మొదటి లోడు నమూనా ఓవెన్ నుంచి బయటికి వచ్చినప్పుడు 690 గ్రాములు తూగింది.