ఆయా చదువేంటే?

"ఇంటర్లో అన్ని మార్కులొచ్చి, పోయి పోయి ఆయా చదువేంటే?" అంది పెద్దమ్మ. చిన్నపిల్లల విద్య కోర్సులో చేరతానన్నాను మరి. నాన్న ఏమీ అనకుండా పేపరు మడిచి పక్కన పెట్టారు. నాకు అదే ఎక్కువ టెన్షన్.

అమ్మ అంగన్‌వాడీ టీచర్. ఇంటర్ పరీక్షలయ్యాక నేనూ సెంటర్‌కి వెళ్లేదాన్ని. పలక మీద 'అ' దిద్దమంటే ఏడ్చే నాలుగేళ్ల పిల్లాడొకడు, ఓ రోజు చింతపిక్కలు పేరుస్తూ కూర్చున్నాడు. పెద్దవి ఒక వరస, చిన్నవి ఒక వరస. ఎవరూ చెప్పలేదు. వాడి లెక్కలు అప్పటికే మొదలయ్యాయి, మేమే బలపం దగ్గర ఆగిపోయాం.

కాలేజీలో అంతా ఆటపాటలే అనుకున్నా. గంటసేపు ఒకే పిల్లని గమనించి, చేసిందే రాయాలి. 'అల్లరి పిల్ల' అని రాస్తే కుదరదు. నా మొదటి రికార్డు నిండా ఎర్ర గీతలే! 1939లో ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి మద్రాసు వచ్చి, యుద్ధం వల్ల ఏళ్ల తరబడి మన దేశంలోనే ఉండిపోయారని కూడా ఇక్కడే తెలిసింది. 2020 విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే దశగా చూడమంది. జీతాల సంగతి మాత్రం అడక్కండి.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసింది. మనవడు బళ్లో పక్క పిల్లల్ని కొరుకుతున్నాడట. "ఏం చెయ్యాలే?" అని.