బావ బండి కూర్చుంది

"ఏం బామ్మర్దీ, హైదరాబాదులో ఒక జర్మన్ బండి చూసినా. కొత్తలో 60 లక్షలంట. ఇప్పుడు 6కే ఇస్తానంటున్నాడు. సీటుకు మసాజు కూడా ఉందబ్బా."

అనంతపురం నుంచి మా బావ ఫోన్. నేను కర్నూలు బళ్ళారి చౌరస్తా దగ్గర నా స్పేర్ పార్టుల అంగట్లో ఉగ్గాని పొట్లం విప్పుకుని కూర్చున్నా. నోట్లో బజ్జీ ఉండగానే అడిగినా, "మసాజు మోటారు పోతే ఎవురు చేస్తారు బావా?" అవతల నవ్వు. అంటే అడ్వాన్సు ఇచ్చేశాడన్న మాట.

ఇరవై ఏళ్ళకు పైగా ఈ కౌంటర్ వెనక కూర్చుని నేను చూసింది ఒకటే. బండి రేటు ఏటేటా పడిపోతుంది, దాని స్పేరు రేటు పడదు. 60 లక్షల బండి 6కు దిగొచ్చినా దాని హెడ్‌లైటు ఇంకా 60 లక్షల బండి హెడ్‌లైటే. కొనేవాడు చిన్నకారు డబ్బుతో కొంటాడు. బిల్లు మాత్రం మొదటి ఓనరును దృష్టిలో పెట్టుకుని వేసినట్టే వస్తుంది. ఢిల్లీలో పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోలు బండ్ల మీద ఆంక్షలు వచ్చాక అక్కడి పెద్ద బండ్లు చవగ్గా మన వైపు దిగుతున్నాయి. వాటి వెనకాలే వాటి ఓనర్లు నా అంగడికి దిగుతున్నారు.

"నువ్వు మాత్రం బెంజి తోలుతావు, నాకు వద్దంటావు" అని బావ కోపం. అది బెంజే, కాదనను. కానీ దాని కథ వేరు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి కలిసి కర్నూలును ముంచాయి. కొంచెం మెరకలో ఇల్లున్న ఒక కాంట్రాక్టరు గారి పోర్టికోలో 1996 నాటి మెర్సిడెస్ ఈ220 సీట్ల దాకా నీళ్ళలో నిలబడింది. మెర్సిడెస్ 1995లో టెల్కోతో (ఇప్పటి టాటా మోటార్స్) కలిసి పుణెలో తయారు చేయడం మొదలుపెట్టిన డబ్ల్యూ124 అనే మోడల్ అది. అన్నీ కలిపి పాతిక లక్షల దాకా పోశానని ఆయన అనేవారు. పది గ్రాముల బంగారం ఐదు వేలకు అటూ ఇటూ ఉన్న రోజుల్లో! వరద తీశాక ఆయన చేసిన మంచి పని ఒక్కటే, సెల్ఫ్ కొట్టలేదు. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ వాటిని నొక్కలేదు, కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. నాకు 85 వేలకు ఇచ్చేశారు. ఆ రోజు మా ఆవిడ అన్న మాటలు ఇక్కడ రాయను.

ప్లగ్గులు విప్పి, ఇంజిన్‌ను చేత్తో తిప్పి నీళ్ళు బయటికి కక్కించాం. ఆయిల్ మూడుసార్లు మార్చాం. సీట్లు విప్పితే లోపల స్పాంజి లేదు. స్ప్రింగుల మీద పీచుతో గట్టిగా అల్లిన మెత్త ఉంది. మిద్దె మీద నాలుగు రోజులు ఎండబెట్టి, పాత పరుపును కొట్టినట్టు కర్రతో కొడితే గిన్నెడు నల్ల ఒండ్రు రాలింది. మళ్ళీ అవే వేశాం, ఈ రోజుకూ అవే. ఇంజిన్ కంప్యూటరు పైన, ముందు అద్దం కింది పెట్టెలో ఉంది కాబట్టి తడవలేదు. వైరింగు మాత్రం మొత్తం మార్చాల్సి వచ్చింది. మా ఎలక్ట్రీషియన్ వేడికి తట్టుకునే వైరు చుట్టలు ముందేసుకుని పదకొండు రోజులు కూర్చున్నాడు. ఏ వైరు ఎక్కడిదో మర్చిపోకుండా వాళ్ళ పాప స్కూలు లేబుళ్ళు అంటించాడు. 'పేరు: హారన్, తరగతి: ఎడమ వైపు' అని! అలా రాయడం అక్కర్లేదు, సరదాకి రాశాడు.

పాతదంతా బంగారం అని నేననను. 1990ల మొదట్లో మెర్సిడెస్ వాడిన వైరింగు తొడుగు వేడికి పెళుసెక్కి పొడిపొడిగా రాలుతుందని ఆ బండ్లు తెలిసిన వాళ్ళందరికీ తెలుసు. కాకపోతే రాలితే వైరు మార్చుకోవచ్చు. నా లెక్కలో తేడా అక్కడే ఉంది. ఆ మోడల్ ప్రపంచమంతా కలిపి 25 లక్షలకు పైగా తయారైంది. అందుకే బుష్షో, లోయర్ ఆర్మో కావాలంటే బెంగళూరు జేసీ రోడ్డులో అడిగితే ఇప్పటికీ దొరుకుతుంది. స్పానరుతో ఊడుతుంది, స్పానరుతో బిగుస్తుంది.

అదే కంపెనీ 2002లో తెచ్చిన ఈ-క్లాస్ చూడండి. బ్రేకు పెడల్ తొక్కితే కంప్యూటరుకు కబురు పోతుంది, అది పంపుకు చెప్తుంది. ఎన్నిసార్లు తొక్కారో లోపల లెక్క పెడుతుంది. లెక్క నిండితే యూనిట్ మార్చమని ఎర్ర అక్షరాలు వస్తాయి. 2004లో ఈ బ్రేకుల కోసమే 6,80,000 బండ్లను వెనక్కి పిలిపించారు. 2006లో ఈ-క్లాస్‌లో ఆ పద్ధతినే ఎత్తేశారు. మా మెకానిక్ భాయ్‌కి ఇది చెప్తే, "బ్రేకు తొక్కినందుకు కూడా మీటరా?" అన్నాడు.

ఎక్కువ రేటు పెడితే ఎక్కువ కాలం వస్తుందన్నదీ భ్రమే. 1989లో లెక్సస్ తన మొదటి ఎల్ఎస్400ను అమెరికాలో 35,000 డాలర్లకే అమ్మింది. జర్మన్ పెద్ద బండ్ల కంటే బాగా చవక. గట్టిగా నిలబడిందని పేరు మాత్రం దానికే ఎక్కువ. మన దేశానికి లెక్సస్ 2017లో గానీ రాలేదు, కాబట్టి బావకు ఆ దారీ లేదు.

నా బండికీ ఖర్చు లేకపోలేదు. పెట్రోలు బాగా తాగుతుంది. పదిహేనేళ్ళు దాటిన కార్ల ఆర్‌సీ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000కు పెంచారు. ముందు అద్దానికి ఒకటే వైపరు, అది మూలల దాకా సాగుతూ ముడుచుకుంటూ తిరుగుతుంది. దాని గేరులో గ్రీజు ఎండిపోతే ముసలాయన లేచినట్టు మూలుగుతుంది. విప్పి, కడిగి, గ్రీజు పెడితే మళ్ళీ మామూలే. అరపూట పని.

బావ బండి వచ్చింది. నిజం చెప్పొద్దూ, భలే ఉంది. తలుపు వేస్తే బీరువా వేసినట్టు చప్పుడు. నేనూ మసాజు చేయించుకున్నా. ఆరు వారాలకు ఒక పొద్దున వీడియో కాల్ చేసి బండిని చూపించాడు. ముందు ఎడమ పక్క టైరు మీదికి ఒరిగి, అలిగిన ఎద్దులా కూర్చుంది. స్ప్రింగులకు బదులు గాలి మీద బండిని మోసే ఎయిర్ సస్పెన్షన్‌లో గాలి సంచి చిరిగింది. ఆ సంచి ఉండే ఒక్క స్ట్రట్టుకే, అంటే చక్రం పైన బండిని మోసే గొట్టానికే, షోరూములో లక్షా పదివేలు చెప్పారు. "రెండు వైపులా మారిస్తే మంచిది" అని సలహా కూడా ఇచ్చారట, ఉచితంగా.

దాన్ని లారీ మీద కర్నూలు తెప్పించి మా అంగడి వెనక కవరు కప్పి పెట్టాం. బయటి కంపెనీ స్ట్రట్టు ఒకటి ఢిల్లీ కశ్మీరీ గేటులో 42 వేలకు దొరికింది. ముందు తప్పుగా కుడి పక్కది పంపారు, వాపసు పంపాం. ఇప్పుడు ఎడమది బయల్దేరింది. నాలుగు రోజులుగా నాగపూర్ దాటలేదని బావ రోజూ పొద్దున్నే ట్రాకింగు చూసి నాకు చెప్తున్నాడు. ఈ నెలలో బావ బండి కంటే ఆ స్ట్రట్లే ఎక్కువ దూరం తిరిగాయి.