కరెంటు కారుకి హిచ్: ముందు కాగితం, తర్వాత ఇనుము

సాలూరు దాటి కోరాపుట్ వైపు సుంకి ఘాటీ మొదలయ్యాక, వెనక ట్రైలర్ ఉన్న కరెంటు కారు ఎక్కుతుందా అని అడిగేవాళ్ళే ఎక్కువ. ఎక్కుతుంది, నిక్షేపంగా. చక్రం కదలకముందే మోటారు పూర్తి బలం ఇస్తుంది కాబట్టి క్లచ్ కాలడం, గేరు మార్చలేక మలుపులో ఆగిపోవడం లాంటివి ఉండవు. అడగాల్సిన ప్రశ్నలు వేరే: మీ కారుకి లాగడానికి అనుమతి ఉందా, ట్రైలర్‌ని తగిలించే హిచ్‌ని పట్టుకున్న బోల్టులు సరైనవేనా, తిరిగి కిందికి దిగేటప్పుడు ఏం జరుగుతుంది. జయపురం, కోరాపుట్, రాయగడల్లో ఉంటూ సొంత సామానుకో, రెండు సైకిళ్ళకో హిచ్ పెట్టించుకుందామనుకునేవాళ్ళ కోసం ఈ వివరాలు.

ముందు కారుతో వచ్చిన మాన్యువల్ తీసి ట్రైలర్ గురించి రాసిన పేజీ చూడండి. అక్కడ లాగకూడదని ఉంటే ఇక హిచ్ బేరం ఆడక్కర్లేదు. అంకె ఇచ్చి ఉంటే మూడు సంగతులు రాసుకోవాలి: బ్రేకులున్న ట్రైలర్‌కి ఎంత, బ్రేకుల్లేనిదానికి ఎంత, హిచ్ కొసన ట్రైలర్ కూర్చునే బంతి మీద నిలువుగా ఎంత. ఇంటర్నెట్లో దొరికే విదేశీ అంకెలు పట్టుకుని రావద్దు. యూరప్‌లో హ్యుందాయ్ అయోనిక్ 5 పెద్ద బ్యాటరీ మోడల్‌కి బ్రేకులున్న ట్రైలర్‌తో 1600 కిలోల అనుమతి ఉంది. అది అక్కడి ఆమోదం. అదే పేరుతో ఇక్కడ అమ్మిన కారుకి ఇక్కడి మాన్యువల్, ఇక్కడి కాగితాలే లెక్క. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్‌సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 61వ సెక్షన్ ప్రకారం ట్రైలర్‌కి కూడా రిజిస్ట్రేషన్ కావాలి, లాగే బండి నంబరు కూడా ట్రైలర్ వెనక కనబడాలి. ఆర్‌టీఓ ఆఫీసుకీ బీమా కంపెనీకీ ముందే రాతపూర్వకంగా అడిగి జవాబు ఫైల్లో పెట్టుకోండి. నోటిమాట ప్రమాదం జరిగిన రోజున అక్కరకు రాదు.

కరెంటు కార్లలో చాలామంది మర్చిపోయే లెక్క ఒకటుంది. బ్యాటరీ బరువు వల్ల ఖాళీ బండే బరువుగా ఉంటుంది, అందుకని మోయగలిగిన మిగులు తక్కువ. మొత్తం అనుమతి బరువులోంచి ఖాళీ బరువు తీసేస్తే 400 కిలోలు మిగిలాయనుకోండి. అయిదుగురు పెద్దవాళ్ళు ఎక్కితే 350 అయిపోయింది. బంతి మీద పడే బరువు కూడా ఆ మిగిలిన 50లోంచే పోవాలి. పైగా బంతి వెనక చక్రాల ఇరుసుకి ఒక మీటరు అవతల ఉంటుంది. రెండు ఇరుసుల మధ్య 2.7 మీటర్ల వీల్‌బేస్ ఉన్న కారులో బంతి మీద 50 కిలోలు పెడితే, తూకపు కర్రలాగా ముందు ఇరుసు మీంచి 18 కిలోలు లేచి, వెనక ఇరుసు మీద 68 పడతాయి. వెనక టైర్ల గాలి డోరు స్టిక్కరు మీద పూర్తి లోడుకి ఇచ్చిన అంకె దాకా పెంచాల్సింది ఇందుకే.

ఇక హిచ్ కొనడం. యాక్సెసరీ షాపుల్లో మెరిసే క్రోమ్ పైపుకి ఒక బంతి అతికించి టో హుక్ అని అమ్మేవి బంపర్ గీసుకోకుండా పెట్టే అలంకారం, అంతే. బంపర్ వెనక స్క్రూ చేసే లాగుడు కొక్కెం కూడా ట్రైలర్‌కి పనికిరాదు. అసలైన హిచ్ మీద ఒక ప్లేటు ఉంటుంది. దాని మీద మీ కారు మోడల్‌కి సరిపోయే ఆమోదపు నంబరు, డి విలువ (హిచ్ ఎంత లాగుడు తట్టుకోగలదో చెప్పే అంకె), బంతి మీద నిలువు బరువు చెక్కి ఉంటాయి. ప్లేటు లేని హిచ్‌ని సగం ధరకి ఇచ్చినా వద్దు.

డి విలువ పేరు చూసి భయపడక్కర్లేదు. కారు మొత్తం బరువునీ ట్రైలర్ మొత్తం బరువునీ టన్నుల్లో గుణించి, ఆ రెండింటి కూడికతో భాగించి, 9.81తో హెచ్చించాలి. 2.1 టన్నుల కారు, 0.75 టన్నుల ట్రైలర్ అయితే 5.4 కిలోన్యూటన్లు వస్తుంది. ప్లేటు మీద 6.5 ఉంటే హిచ్ వరకు చాలు. కానీ కారు మాన్యువల్ 500 కిలోలే అంటే హిచ్ ఎంత గట్టిదైనా 500 కిలోలే. గొలుసులో అన్నిటికంటే బక్క కొక్కెం ఎంతంటే అంత.

బంతి సైజు దగ్గర జరిగే పొరపాటు కంటికి కనిపించదు. ఐరోపా కొలత 50 మిల్లీమీటర్లు. అమెరికా కొలత 2 అంగుళాలు, అంటే 50.8. తేడా మిల్లీమీటరులో ఎనిమిది పదోవంతులే. బంతి మీద కూర్చునే ట్రైలర్ వైపు గిన్నె పేరు కప్లర్. రెండంగుళాల కప్లర్‌ని 50 బంతి మీద పెడితే తాళం పడినట్టే చప్పుడు వస్తుంది, గుంతలో ఎగిరినప్పుడు లోపల ఆడుతుంది, అరుగుతుంది, ఒక రోజు ఊడుతుంది. తిరగేస్తే, 50 కప్లర్ 50.8 బంతి మీద సరిగ్గా కూర్చోదు. వెర్నియర్ పెట్టి బంతిని కొలిచి, కప్లర్ మీద చెక్కిన అంకెతో పోల్చండి. వాడిన 50 బంతి ఎక్కడైనా 49కి తగ్గితే మార్చేయాలి. బంతి మధ్య ఎత్తు, బండి లోడుతో ఉన్నప్పుడు, నేల నుంచి 350 నుంచి 420 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి.

హిచ్ స్థిరంగా ఉండేదా, ఊడదీసేదా? మన ఊళ్ళ స్పీడ్‌బ్రేకర్లూ, వర్షాకాలంలో తోటల్లోకి దిగే ఎర్రమట్టి దారులూ చూస్తే ఊడదీసేదే మేలు. పని లేనప్పుడు బంతి ఉన్న మెడ తీసి డిక్కీలో పెట్టి, అది దూరే గొట్టానికి ప్లాస్టిక్ మూత పెట్టాలి. మూత లేకపోతే బురద చేరి, రెండు వానలకి తాళం బిగుసుకుంటుంది.

బిగించే రోజు మొదటి పని డిక్కీ తెరిచి పెట్టుకోవడం. చాలా కార్లలో డిక్కీ తాళం 12 వోల్టుల కరెంటుతో పనిచేస్తుంది. మూసి ఉండగా బ్యాటరీ వైరు తీస్తే డిక్కీ తెరుచుకోదు, బంపర్ స్క్రూలు కొన్ని ఆ డిక్కీ లోపలే ఉంటాయి. చార్జింగ్ గన్ తీసేసి, కారు ఆపి, తాళంచెవి దూరంగా పెట్టి, 12 వోల్టుల నెగెటివ్ వైరు విప్పి, మాన్యువల్ చెప్పినంతసేపు ఆగాలి. నారింజ రంగు తొడుగున్న వైర్లు పెద్ద బ్యాటరీవి. వాటిని ముట్టుకోవడం, పక్కకి లాగి కట్టడం, వాటి మీంచి కొత్త వైరు పోనివ్వడం, ఏదీ చేయకూడదు. జాకీ గుర్తులున్న చోటే పెట్టాలి. బ్యాటరీ అడుగు పళ్ళెం కింద పెడితే ఆ సొట్ట ఖరీదు హిచ్ ఖరీదుకి ఎన్నో రెట్లు కావచ్చు.

బంపర్ తీయడానికి ఇద్దరు కావాలి. చక్రం గూడు లోపలి స్క్రూలు, కింద క్లిప్పులు, వెనక లైట్ల కింద దాగిన బోల్టులు. చివరి క్లిప్పు ఊడే ముందే పార్కింగ్ సెన్సర్ల ప్లగ్గు పీకాలి, లేకపోతే బంపర్‌తో పాటు వైరు కూడా వస్తుంది. లోపల అడ్డంగా ఉండే ఇనుప దూలమే గుద్దు తట్టుకునేది. చాలా హిచ్‌లు ఆ దూలాన్ని తీసి తామే ఆ చోట కూర్చుంటాయి, కొన్ని దానితో కలిసి బిగుస్తాయి. కిట్టులోని కాగితం ఏం చెబితే అదే. తీసిన దూలాన్ని పాత ఇనుముకి అమ్మేయకండి, రేపు హిచ్ తీసేస్తే అది మళ్ళీ కావాలి.

హిచ్ చేతులు బండి అడుగున ఉండే పొడవు దూలాల్లోకి, అంటే ఛాసిస్ కాళ్ళలోకి జారాక, బోల్టు కూర్చునే చోట మైనం, తారు పూత గోకి శుభ్రం చేయాలి. పూత మీదే బిగిస్తే అది కొన్నాళ్ళకి నలిగి, బోల్టు వదులవుతుంది. బయటపడ్డ ఇనుముకి తుప్పు నిరోధక పెయింటు వేయాలి. బోల్టులన్నీ చేత్తో తిప్పి, హిచ్ మధ్యకి వచ్చిందని కొలిచి చూశాకే, బిగువు ఎంతో చూపించే టార్క్ రెంచ్ పట్టాలి. కిట్టు కాగితం ఇచ్చిన అంకే అసలైనది. పోల్చుకోవడానికి మామూలు విలువలు: 8.8 గ్రేడు ఎం10 బోల్టుకి సుమారు 49 న్యూటన్ మీటర్లు, ఎం12కి 85, 10.9 గ్రేడు ఎం12కి 120 దరిదాపు. తల మీద గ్రేడు అంకె లేని బోల్టు కిట్టులో కనిపిస్తే ఆ కిట్టు వెనక్కి. రంధ్రం కలవలేదని డ్రిల్లు పెట్టేవాళ్ళనీ, వెల్డింగు టక్ వేస్తే సరిపోతుందనేవాళ్ళనీ ఆ రోజు షెడ్డు దరిదాపుల్లోకి రానివ్వద్దు. వెల్డింగు కరెంటు బాడీ గుండా పోయి కంట్రోల్ మాడ్యూళ్ళని కాల్చేస్తుంది. బ్యాటరీకి అరమీటరు దూరంలో మంట సంగతి వేరే చెప్పాలా.

వైరింగు దగ్గరే ఎక్కువ ఫిర్యాదులు. ఏడు పిన్నుల సాకెట్లో వరస ఇది: 1 పసుపు ఎడమ ఇండికేటర్, 2 నీలం వెనక ఫాగ్, 3 తెలుపు ఎర్త్, 4 ఆకుపచ్చ కుడి ఇండికేటర్, 5 గోధుమ కుడి టెయిల్, 6 ఎరుపు బ్రేక్, 7 నలుపు ఎడమ టెయిల్. మామూలు వైర్లు 1.5 చదరపు మిల్లీమీటర్లు, ఎర్త్ మాత్రం 2.5. కారు లైటు వైరుని గిల్లి నేరుగా ట్రైలర్‌కి కలపకూడదు. కారు తన ఎల్‌ఈడీ దీపం పీల్చే కరెంటుని కొలుస్తూ ఉంటుంది, దానికి 21 వాట్ల బల్బు తగిలిస్తే లోపం ఉందని హెచ్చరిస్తుంది, లేదా ఆ లైనే ఆపేస్తుంది. అందుకే బైపాస్ రిలే కావాలి. సంకేతం కారు దీపం నుంచి, కరెంటు 12 వోల్టుల బ్యాటరీ నుంచి 15 ఆంపియర్ల ఫ్యూజు ద్వారా. బ్రేకు, నాలుగు పక్కల ఇండికేటర్లు, టెయిల్ అన్నీ వెలిగినా ట్రైలర్ వైపు 100 వాట్లు, అంటే 8 ఆంపియర్లు దాటదు.

బ్రేకు తొక్కితే ఇండికేటర్ కూడా మసగ్గా మినుకుమంటోందా? పదికి తొమ్మిదిసార్లు ఎర్త్ సరిగ్గా లేదు. తిరిగి వెళ్ళడానికి దారి లేక కరెంటు పక్క బల్బు గుండా పోతోంది. తెల్ల వైరు చివర పెయింటు మీద స్క్రూ చేసి ఉంటుంది, అక్కడ గోకి చూడండి. నొక్కి మూసే ప్లాస్టిక్ జాయింట్లు వానలకి లోపల పచ్చగా చిలుం పడతాయి. సోల్డరింగు చేసి వేడికి ముడుచుకునే గొట్టం తొడగాలి.

ఇంకో తిప్పలు కరెంటు కారుకే ప్రత్యేకం. కారు ఆపి, ట్రైలర్ దీపాలు వెలుగుతూ వదిలేస్తే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోతుంది. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు మేలుకోదు. సర్వీసు సెంటర్లో కోడింగు చేయించడం కూడా మానొద్దు. ట్రైలర్ ఉందని కారుకి తెలిస్తేనే రివర్సు సెన్సర్ల కూత ఆగుతుంది, బండి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ ట్రైలర్ ఊగులాటని సరిగ్గా పట్టుకుంటుంది.

ట్రైలర్ ముందు కొస బరువు తూచడానికి స్నానాలగదిలో వాడే తూకం యంత్రం చాలు. ట్రైలర్ సమంగా నిలిచేలా, బంతి ఎత్తుకి కోసిన కర్రముక్కని యంత్రం మీద నిలబెట్టి కప్లర్‌ని దాని మీద దించాలి. 500 కిలోల ట్రైలర్‌కి 25 నుంచి 35 కిలోలు వస్తే బాగు. అల్లం బస్తాలు వెనక తలుపు దగ్గర పేర్చేస్తే ఈ అంకె పదికి దిగి, అరవై వేగంలో ట్రైలర్ పాములా ఊగుతుంది. సైకిల్ క్యారియర్ అయితే లెక్క తిరగబడుతుంది. 20 కిలోల రాక్, రెండు 25 కిలోల కరెంటు సైకిళ్ళు కలిపితేనే 70. చాలా కార్లకి 75 హద్దు. ఆ బరువు బంతికి వెనక వేలాడుతూ గుంతల్లో కుదుపుతుంది కూడా. నంబరు ప్లేటు, వెనక లైట్లు దాగిపోతే రాక్ మీద వేరే పెట్టాలి.

ఇప్పుడు ఘాటీ. కోరాపుట్‌కీ సాలూరుకీ ఎత్తులో దాదాపు 750 మీటర్ల తేడా. టన్నుకి ఆ ఎత్తు ఎక్కడానికి 2 యూనిట్లు. కారూ ట్రైలరూ కలిపి 2.7 టన్నులైతే చక్రాల దగ్గరే 5.5 యూనిట్లు, నష్టాలతో ఆరు పైన, అదీ మామూలు దూరపు ఖర్చు కాకుండా. ఎత్తయిన డబ్బా లాంటి ట్రైలర్ గాలిని అడ్డుకుని రేంజిని సగానికి తెచ్చేయగలదు. బోర్లించిన పడవలా కారు నీడలో దాగే ట్రైలర్ అంత తినదు.

దిగేటప్పుడే జాగ్రత్త. కోరాపుట్‌లో రాత్రంతా చార్జింగు పెట్టి నూరు శాతంతో పొద్దున్నే దిగితే రీజెన్, అంటే వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు తయారుచేసి బ్యాటరీకి పంపే బ్రేకింగు, దాదాపు పనిచేయదు, ఆ శక్తి పెట్టుకోడానికి బ్యాటరీలో చోటు లేదు. బరువంతా బ్రేకుల మీద, వెనక నుంచి ట్రైలర్ తోపు. 45 యూనిట్ల బ్యాటరీలో దిగుడు తిరిగి ఇచ్చేది మూడు, నాలుగు యూనిట్లు. నిండే కొద్దీ కారు రీజెన్ తగ్గించుకుంటుంది కాబట్టి 85 శాతం దగ్గర చార్జింగు ఆపి బయల్దేరండి.

వెనక చక్రాలు తిప్పే కార్లలో, తడిసిన ఆకులున్న హెయిర్‌పిన్‌లో యాక్సిలరేటర్ మీంచి కాలు చటుక్కున తీస్తే రీజెన్ వల్ల వెనక చక్రాలకి మాత్రమే బ్రేకు పడుతుంది, ట్రైలర్ వాటిని పక్కకి నెడుతుంది, కారూ ట్రైలరూ కత్తిలా మడుచుకుంటాయి. మలుపు ముందే రీజెన్ ఒక మెట్టు తగ్గించి, కాలు నెమ్మదిగా తీయాలి. తోపుతో పనిచేసే బ్రేకులున్న ట్రైలర్‌కి, రీజెన్ సాగినంతసేపూ ఆ బ్రేకులు కొద్దిగా రాసుకుంటూనే ఉంటాయి. మధ్యలో ఆగి ట్రైలర్ చక్రం నడిమి హబ్ దగ్గర చెయ్యి పెట్టి చూడండి, దగ్గరికి పోలేనంత వేడిగా ఉంటే అరగంట ఆగడమే. వాలులో ట్రైలర్ విప్పాలంటే చక్రాల కింద రాళ్ళు పెట్టాకే. చార్జింగు స్టేషన్లలో చాలాచోట్ల విప్పక తప్పదు, గన్ వైరు అంతదూరం రాదు.

హిచ్ బిగించాక 1000 కిలోమీటర్లు తిరిగేసరికి బోల్టులన్నీ మళ్ళీ టార్క్ రెంచ్‌తో చూడాలి. బిగించిన రోజే ప్రతి బోల్టు తల మీంచి పక్క ఇనుము మీదికి తెల్ల పెయింటుతో ఒక గీత గీసి ఉంచండి. తర్వాత ఎప్పుడైనా కింద టార్చి వేసి చూస్తే, గీత రెండు ముక్కలుగా కనబడిన బోల్టే కదిలిన బోల్టు.