ఏ కారైనా సరే: మారియో ఆండ్రెట్టి సుదీర్ఘ ప్రస్థానం

కార్ రేసింగ్‌లో ఎవరు గొప్ప అన్న మాట వచ్చినప్పుడల్లా అందరూ ఫార్ములా వన్ ప్రపంచ టైటిళ్లు లెక్కపెట్టడం మొదలుపెడతారు. షూమాకర్‌కు 7, హామిల్టన్‌కు 7, ఫాంజియోకు 5. ఆ లెక్కన మారియో ఆండ్రెట్టి పేరు చాలా కిందికి జారిపోతుంది, ఎందుకంటే ఆయనకు ఉన్నది 1978 నాటి టైటిల్ ఒక్కటే. ఇండియానాపొలిస్ 500 పందెం కూడా ఆయన ఒక్కసారే, 1969లో గెలిచారు. డేటోనా 500 కూడా ఒక్కసారే, 1967లో. అయితే ఈ మూడింటినీ గెలిచిన డ్రైవరు ఇంతవరకూ ప్రపంచంలో ఆయన తప్ప మరొకరు లేరు.

ఈ మూడూ ఒకే విద్యలో మూడు పరీక్షలు కావు. డేటోనాలో నడిపేది పైకప్పు ఉన్న బరువైన స్టాక్ కారు. ఇండియానాపొలిస్‌లో చక్రాలు బయటికి కనిపించే కారులో, గోడ పక్కనుంచి, గంటల తరబడి ఎడమవైపే తిరుగుతూ పోవాలి. ఫార్ములా వన్‌లో ఎడమ, కుడి మలుపులు, ఎత్తుపల్లాలు, వాన, బ్రేకులు అన్నీ కలిసి వస్తాయి. ఒకదానిలో ఆరితేరిన డ్రైవరు రెండోదానిలో తేలిపోవడం రేసింగ్‌లో మామూలు విషయమే. ఆండ్రెట్టి 1959లో మొదలుపెట్టి 1994 వరకూ పూర్తికాలం, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ 60 ఏళ్ల వయసు దాకా పందేలలో దిగగలిగారంటే, దానికి మూలం ఏ ఒక్క రకం కారునూ తన సొంత ఇల్లు అనుకోకపోవడంలోనే ఉందని నా నమ్మకం.

ఆయన 1940 ఫిబ్రవరి 28న ఏడ్రియాటిక్ తీరంలోని ఇస్ట్రియాలో, మొంటోనా అనే కొండమీది ఊళ్లో పుట్టారు. ఆల్డో ఆయన కవల సోదరుడు. అప్పుడది ఇటలీ. యుద్ధం ముగిశాక ఆ ప్రాంతం యుగోస్లావియా చేతికి పోవడంతో 1948లో ఆ కుటుంబం ఉన్నదంతా వదులుకుని బయటపడింది. లుక్కా పట్టణంలోని శరణార్థి శిబిరంలో, ఒకే పెద్ద గదిలో దుప్పట్లు అడ్డం కట్టుకుని ఎన్నో కుటుంబాలు సర్దుకున్న చోట, వాళ్లు ఏడేళ్లు గడిపారు. 1954లో అన్నదమ్ములిద్దరూ మోంజాకు వెళ్లి ఇటాలియన్ గ్రాండ్ ప్రీ అనే ఫార్ములా వన్ పందెం చూశారు. ఫెరారీలో అల్బెర్టో అస్కారీ, మెర్సిడెస్‌లో ఫాంజియో హోరాహోరీగా తలపడుతుంటే చూసిన ఆ పిల్లల్లో ఒకడికి అస్కారీ ఆరాధ్యదైవమైపోయాడు. మరుసటి ఏడాది మే నెలలో అస్కారీ అదే మోంజాలో ప్రమాదంలో చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది వారాలకే ఆండ్రెట్టి కుటుంబం ఓడెక్కి అమెరికా చేరి, పెన్సిల్వేనియాలోని నజరెత్ అనే చిన్న ఊళ్లో స్థిరపడింది.

ఆ ఊళ్లోనే అరమైలు మట్టి ట్రాక్ ఒకటి ఉంది. కవలలు మిత్రులతో కలిసి 1948 నాటి హడ్సన్ కారును పందేనికి సిద్ధం చేసుకున్నారు. ఇద్దరికీ కలిపి ఒకటే కారు కాబట్టి ముందు ఎవరు నడపాలో తేల్చుకోవడానికి నాణెం ఎగరేశారు. అవకాశం ఆల్డోకు దక్కింది, తొలి పందెం గెలిచిందీ ఆల్డోనే. తండ్రికి రేసింగ్ అంటే గిట్టదు కనుక ఈ వ్యవహారమంతా ఆయన కంటపడకుండా నడిచింది. 1959 చివర్లో హాట్‌ఫీల్డ్ ట్రాక్‌లో ఆల్డో కారు ప్రమాదానికి గురై, తల ఎముక చిట్లి, అతను స్పృహ కోల్పోయేదాకా తండ్రికి సంగతి తెలియలేదు. ఆల్డో కోలుకుని మళ్లీ నడిపాడు. కానీ ఇద్దరి దారులూ అక్కడే వేరయ్యాయని తర్వాతి చరిత్ర చూస్తే అర్థమవుతుంది. మారియో గురించి రాసేవాళ్లు ఆల్డోను ఒక వాక్యంలో దాటేయడం నాకు ఎప్పుడూ బాధ కలిగించే విషయం.

మారియో మిడ్జెట్, స్ప్రింట్ అనే చిన్న రేసు కార్లు నడుపుతూ ఎదిగారు. 1963లో లేబర్ డే నాడు రెండు వేర్వేరు ట్రాకులలో మొత్తం మూడు మిడ్జెట్ పందేలు గెలిచారు. 1965లో జాతీయ చాంపియన్ అయ్యారు, 1966లో మళ్లీ అయ్యారు. ఈ సంవత్సరాలను ఇంత త్వరగా దాటేస్తున్నది 1969 మే నెల దగ్గర ఆగడానికే.

ఆ ఏడాది ఇండియానాపొలిస్‌కు ఆయన నాలుగు చక్రాలకూ శక్తి అందే కొత్త లోటస్ కారుతో వచ్చారు. ప్రాక్టీసులో వెనక చక్రం ఊడిపోయి కారు గోడకు గుద్దుకుని మంటలంటుకుంది. ఆయన బయటపడ్డారు గానీ ముఖం కాలింది. ఆ తర్వాత అదనంగా ఉంచుకున్న పాత తరహా హాక్ కారునే బయటికి తీసి, పందెం ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే అర్హత పోటీలో రెండో స్థానం సాధించారు. మొదటి వరుసలో నిలిచిన ముగ్గురు డ్రైవర్లనూ కలిపి ఫొటో తీయడం అక్కడి ఆనవాయితీ. కాలిన ముఖంతో కెమెరా ముందుకు రావడం మారియోకు ఇష్టం లేకపోవడంతో ఆ స్థానంలో ఆల్డో నిలబడ్డాడు. కవలలు కాబట్టి చెల్లిపోయింది. మే 30న మారియో, ఇంజను వేడెక్కిపోతున్నా అదుపు చేసుకుంటూ 500 మైళ్లూ నడిపి గెలిచారు. జట్టు యజమాని ఆండీ గ్రానటెల్లి పట్టలేని ఆనందంతో ఆయన చెంప మీద పెట్టిన ముద్దు అమెరికన్ రేసింగ్‌లో ఎంతో ప్రసిద్ధమైన ఛాయాచిత్రంగా మిగిలిపోయింది. అదే ఏడాది ఆగస్టులో డెమోయిన్‌లో ఆల్డో నడిపిన స్ప్రింట్ కారు ఘోర ప్రమాదానికి గురై, ముఖంలోని ఎముకలు అనేక చోట్ల విరిగాయి. అంతటితో అతను రేసింగ్ మానేశాడు. అన్నదమ్ముల ముఖాలు మళ్లీ ఎన్నడూ ఒకేలా లేవు.

ఇక ఫార్ములా వన్ సంగతి. 1968 సెప్టెంబరులో మోంజాలో తొలిసారి దిగుదామని ఆయన అక్కడ ప్రాక్టీసు చేసి, ఇండియానాలో ఒక మట్టి ట్రాక్ పందెం ఉంటే దానికోసం విమానమెక్కి వెళ్లి, మళ్లీ మోంజాకు తిరిగివచ్చారు. 24 గంటల లోపు రెండు పందేలలో పాల్గొనకూడదన్న నిబంధన చూపి నిర్వాహకులు ఆయనను అనుమతించలేదు. నెల తిరగకుండానే వాట్కిన్స్ గ్లెన్‌లో తన తొలి గ్రాండ్ ప్రీలోనే పోల్ పొజిషన్, అంటే అందరికంటే ముందునుంచి పందెం మొదలుపెట్టే స్థానం, సాధించి ఆయన దానికి సమాధానం చెప్పారు. 1971లో ఫెరారీ తరఫున దక్షిణాఫ్రికాలో తొలి విజయం దక్కింది. అయినా 1970ల మధ్య వరకూ అమెరికాలోని పందేలే ఆయనకు ముఖ్యం, ఫార్ములా వన్ వీలు చిక్కినప్పుడు చేసే పని. 1976లో లోటస్ అధినేత కాలిన్ చాప్‌మన్‌తో చేతులు కలిపాక గానీ ఆయన దానికి పూర్తిగా సమయం కేటాయించలేదు.

ఈ కలయికలో నన్ను ఆకట్టుకునేది ఆయన ఇండియానాపొలిస్ లాంటి ఓవల్ ట్రాకుల విద్యను యూరప్‌కు మోసుకెళ్లిన తీరు. ఓవల్ మీద కారు తిరిగేది ఎప్పుడూ ఎడమకే కనుక కుడివైపు టైరు చుట్టుకొలతను ఎడమదానికంటే కాస్త ఎక్కువగా ఉంచుతారు. అంచు వెడల్పుగా, అడుగు సన్నగా ఉన్న స్టీలు గ్లాసును నేల మీద అడ్డంగా పడుకోబెట్టి తోస్తే అది తిన్నగా పోకుండా గుండ్రంగా తిరుగుతుంది కదా, ఇక్కడ పనిచేసే సూత్రం కూడా అదే. కారు తనంతట తానే మలుపులోకి ఒరుగుతుంది. టైర్ల మధ్య ఈ తేడాను, నాలుగు చక్రాల మీద బరువు పంచే పద్ధతిని ఫార్ములా వన్ ట్రాకులకు అన్వయించవచ్చని, కుడి మలుపులు ఎక్కువ ఉన్నచోట అదే ఉపాయాన్ని తిరగేసి వాడుకోవచ్చని ఆండ్రెట్టి పట్టుబట్టారు. కారు ఎలా ప్రవర్తిస్తోందో డ్రైవరు విడమరిచి చెప్పగలిగితే ఇంజినీరు పని సగం పూర్తవుతుందంటారు. ఆయన సరిగ్గా అలాంటి డ్రైవరు.

చాప్‌మన్ బృందం తయారుచేసిన లోటస్ 78, ఆ తర్వాతి లోటస్ 79 కార్ల పక్క భాగాలు లోపల తిరగేసిన విమానం రెక్క ఆకారంలో ఉండేవి. విమానం రెక్క పైకి లేపితే ఇది కారును నేలకు అదుముతుంది. పక్కనుంచి గాలి చొరబడకుండా నేలను తాకుతూ జారే అంచులు అమర్చడంతో కారు కింద పీడనం తగ్గి, మలుపుల్లో అంతకుముందు ఎవరూ చూడని పట్టు దొరికింది. 1978లో ఆండ్రెట్టి 6 గ్రాండ్ ప్రీలు గెలిచారు. మే నెలలో బెల్జియం గ్రాండ్ ప్రీ, ఇండియానాపొలిస్ అర్హత పోటీ ఒకే వారాంతంలో పడ్డాయి. ఆయన జోల్డర్‌లో లోటస్ 79ను గెలిపిస్తుంటే ఇండియానాపొలిస్‌లో ఆయన కారును మరో డ్రైవరు అర్హత సాధింపజేశాడు. డ్రైవరు మారినందువల్ల మరుసటి వారం ఆ పందేన్ని 33వ స్థానం నుంచి, అంటే అందరికంటే చివరినుంచి ప్రారంభించాల్సి వచ్చింది. ఒక మనిషి సముద్రానికి అటూ ఇటూ ఎగురుతూ రెండు రకాల కార్లలో అంత కాలం అగ్రస్థాయిలో ఉండటం ఈనాటి డ్రైవర్లకు సాధ్యం కాదు. వాళ్ల ఒప్పందాలే దానికి ఒప్పుకోవు.

ప్రపంచ టైటిల్ ఖాయమైంది 1978 సెప్టెంబరులో, మోంజాలోనే. చిన్నప్పుడు అస్కారీని చూసిన చోట అది దక్కడం పండుగ కావలసింది. కానీ పందెం మొదలైన క్షణాల్లోనే జరిగిన ప్రమాదంలో లోటస్‌లో ఆయన సహచరుడు రోనీ పీటర్సన్ కాళ్లు నుజ్జయ్యాయి. మర్నాటి ఉదయం మిలాన్ ఆసుపత్రిలో పీటర్సన్ చనిపోయాడు. జట్టులో రెండో డ్రైవరుగా ఉంటానని మాట ఇచ్చి, వేగంలో ఏమీ తీసిపోకున్నా ఆ ఏడాది ఎన్నో పందేలలో మారియో వెనకే వచ్చిన మనిషి అతను. మోటార్ రేసింగ్ అంటే దురదృష్టవశాత్తూ ఇది కూడా అని మాత్రమే ఆండ్రెట్టి అనగలిగారు. ఆ టైటిల్ గురించి మాట్లాడేటప్పుడు పీటర్సన్ పేరు తప్పక చెప్పాలి.

ఇండియానాపొలిస్ ఆయనకు మళ్లీ లొంగలేదు. 29 సార్లు దిగినా దక్కింది ఆ ఒక్క విజయమే. 1981లో రెండో స్థానంలో ముగించాక, ట్రాక్ మీద ప్రమాదం ఉందని హెచ్చరించే పసుపు జెండా సమయంలో నిబంధన ఉల్లంఘించాడంటూ బాబీ అన్సర్‌కు శిక్ష విధించి మర్నాడు మారియోను విజేతగా ప్రకటించారు. నాలుగు నెలలు దాటాక అక్టోబరులో ఆ తీర్పు మార్చి విజయం అన్సర్‌కే ఇచ్చారు. 1987లో మొదటి 177 ల్యాపుల్లో, అంటే ట్రాక్ చుట్లలో, 170 ఆయనే ముందున్నారు. అందనంత ఆధిక్యం ఉంది కాబట్టి ఇంజనును కాపాడుకుందామని వేగం తగ్గిస్తే, ఆ తక్కువ వేగంలో పుట్టిన ప్రకంపనలే ఇంజనును దెబ్బతీశాయి. దీన్ని ఆండ్రెట్టి కుటుంబానికి తగిలిన శాపం అంటూ రాయడం అక్కడ అలవాటైపోయింది. నేను ఆ మాట ఒప్పుకోను. చివరిదాకా ఆగకుండా ముందుండేవాడి కారే చివర్లో ఆగినప్పుడు అందరికీ గుర్తుంటుంది, పదిహేనో స్థానంలో ఉన్నవాడి కారు ఆగితే ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

1982లో, 42 ఏళ్ల వయసులో, ఆయన మరోసారి మోంజాకు వచ్చారు. ఆ ఏడాది ఫెరారీ తన డ్రైవర్లలో జిల్ విల్నెవ్‌ను ప్రమాదంలో పోగొట్టుకుంది, డిడియె పిరోనీ కాళ్లు విరిగి ఆసుపత్రిలో ఉన్నాడు. పిలుపు అందుకుని వచ్చిన ఆండ్రెట్టి పోల్ పొజిషన్ సాధించి, పందెంలో మూడో స్థానంలో నిలిచారు. 1984లో అమెరికాలో ఇండియానాపొలిస్ తరహా కార్ల పోటీలైన ఇండీకార్‌లో మళ్లీ చాంపియన్ అయ్యారు. 1993 ఏప్రిల్‌లో ఫీనిక్స్‌లో 53 ఏళ్ల వయసులో గెలిచినది ఆయన 52వ ఇండీకార్ విజయం. ఆ పందెంలో ముందున్నవాళ్లు ప్రమాదాల వల్ల తప్పుకోవడం కలిసివచ్చిందన్నది నిజమే. అయితే అదే ఏడాది మిషిగన్‌లో అర్హత పోటీలో ఆయన గంటకు 377 కిలోమీటర్ల సగటు వేగంతో అప్పటివరకూ ఎవరూ నడపని ల్యాపు నడిపారు. దాన్ని అదృష్టమని ఎవరూ అనలేరు.

పూర్తికాలం రేసింగ్ మానేశాక 1995లో లె మాన్స్ 24 గంటల పందెంలో ఆయన జట్టు రెండో స్థానంలో నిలిచింది. 2000లో 60 ఏళ్ల వయసులో చివరిసారి అక్కడ దిగారు. 2003లో ఇండియానాపొలిస్‌లో కొడుకు మైకేల్ జట్టు కారును పరీక్షిస్తుండగా, ట్రాక్ మీద పడి ఉన్న శకలం తగిలి కారు గాల్లోకి లేచి పల్టీలు కొట్టింది. 63 ఏళ్ల మనిషి అందులోంచి దిగి నడుచుకుంటూ వచ్చారు.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ ఒడ్డున విద్యుత్ కార్ల ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు చూడటానికి వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను. అక్కడ దిగిన జట్లలో మైకేల్ స్థాపించిన ఆండ్రెట్టి జట్టు ఒకటి. ఆ సీజన్ టైటిల్ గెలిచిన జేక్ డెనిస్ దాని డ్రైవరే. సచివాలయం ముందు రోడ్డు మీద కారు పక్కన ఆ పేరు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషాన్ని పక్కనున్న మిత్రుడికి వివరించడానికి చాలాసేపే పట్టింది. ఈ వ్యాసానికి కారణం ఒక విధంగా ఆ సంభాషణే.

నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో 1978 ఆగస్టు 27న ఆండ్రెట్టి గెలిచిన తర్వాత ఇప్పటివరకూ ఏ అమెరికన్ కూడా ఫార్ములా వన్ గ్రాండ్ ప్రీ గెలవలేదు. 2026 సీజన్‌తో రంగంలోకి వచ్చే కాడిలాక్ జట్టు డైరెక్టర్లలో ఒకరుగా ఆయన పేరును 2024 నవంబరులోనే ప్రకటించారు. తన తర్వాత ఆ జాబితాలో మరో అమెరికన్ పేరు చేరడాన్ని ఆయన కళ్లారా చూడాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.