నాలుగో లేన్ పలక

గత వేసవిలో అనంతపురంలో జరిగిన పిల్లల ఈత పోటీలో, నాలుగో లేన్‌లో ఈదిన అమ్మాయి అందరికంటే ముందు గోడకు చేరినా, బోర్డు మీద ఆమె గడియారం ఆగలేదు. "మెల్లగా తాకినట్టున్నావమ్మా" అని ఒక అధికారి అంటే, "గట్టిగానే తాకినాను సార్" అని ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. సమయపాలకులు నొక్కిన మూడు బటన్లలో మధ్య సమయాన్ని తీసుకున్నారు కనుక ఆమె స్థానం పోలేదు. అయినా, చేయి తగలగానే గడియారాన్ని ఆపే గోడ పలకలను, అంటే టచ్‌ప్యాడ్‌లను, చూసుకునే బాధ్యత నాది కావడం వల్ల, పలకను పరీక్షించకముందే పిల్లను తప్పుపట్టామన్న బాధ నన్ను వదలలేదు.

1960 రోమ్ ఒలింపిక్స్ 100 మీటర్ల ఫ్రీస్టైల్‌లో గడియారాలు అమెరికా ఈతగాడు లార్సన్‌కు తక్కువ సమయం చూపినా, కంటితో చూసిన న్యాయనిర్ణేతల తీర్పు మీద స్వర్ణం ఆస్ట్రేలియా ఈతగాడు డెవిట్‌కు దక్కింది. మనిషి కంటిని నమ్మి ఈతగాడికి అన్యాయం చేయకూడదనే ఈ పలకలు వచ్చాయి. 2.4 మీటర్ల వెడల్పు, 90 సెంటీమీటర్ల ఎత్తు ఉండి, నీటి పైన 30, లోపల 60 సెంటీమీటర్లు ఉండే ఈ పలక నిజానికి ఒక పెద్ద స్విచ్. అలల తాకిడికి అది పలకకూడదు, చేయి తగిలితే మాత్రం తప్పక పలకాలి.

ఆ సాయంత్రం నాలుగు, ఐదు లేన్ల పలకలను ఒకదాని చోట ఒకటి మార్చి బిగించాను. లోపం లేన్‌తోనే ఉండిపోతే గట్టు మీది తీగనో గడియార యంత్రాన్నో అనుమానించాలి, పలకతో పాటు కదిలితే పలకనే. అది పలకతోనే కదిలింది. తీగ తెగిందో లేదో బీప్‌తో చెప్పే మల్టీమీటర్ పెట్టి, పలక సొంత తీగను ప్లగ్ దగ్గర కదిపితే బీప్ తెగిపోతూ వచ్చింది. విప్పి చూస్తే లోపలంతా పచ్చని చిలుము. మా బోరు నీటి ఉప్పు, క్లోరిన్ కలిస్తే ఇత్తడి ఎంతకాలం నిలుస్తుంది? కొత్త ప్లగ్ వేశాను.

అక్కడితో ఆగి ఉంటే పొరపాటే అయ్యేది. పలకను నేల మీద పరచి, జానెడు జానెడు దూరంలో బొటనవేలితో నొక్కుతూ పోగా, కుడివైపు కింది మూల ఎంత నొక్కినా పలకలేదు. ఎండలో గోడకు ఆనించి నిలబెట్టడం వల్ల ఆ మూల వంగిపోయింది. వంగిన పలకను సరిచేయబోతే లోపలి పొరలు మరింత చెడతాయి, కాబట్టి దాన్ని పక్కన పెట్టి, అదనంగా ఉన్నదాన్ని బిగించాను. ఇప్పుడు పలకలన్నిటినీ మంచినీటితో కడిగి, నీడలో చదునుగా పరుస్తున్నాము. పలకను పట్టి ఉంచే కొక్కేలు వదులైతే అల తాకిడికే గడియారం ఆగిపోతుంది కనుక, పోటీకి ముందు వాటినీ చేత్తో ఊపి చూస్తున్నాను.

మరుసటి ఆదివారం ఆ అమ్మాయి సాధనకు వచ్చినప్పుడు పాత పలకను ఆమె ముందుంచి, ఆ మూలను నొక్కి చూడమన్నాను. రెండు చేతులతో, బరువంతా మోపి నొక్కింది. బీప్ రాలేదు.